తువ్వాలు కింద బేరం

మొన్న మైలవరం బస్టాండులో ఇద్దరు మామిడి వ్యాపారులు ఎదురుబొదురుగా నిలబడి ఎండల గురించి మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుతూనే పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి రెండో ఆయన చేతి మీద కప్పి, దాని కిందికి తన చెయ్యి పోనిచ్చాడు. నోళ్లు ఎండల గురించే మాట్లాడుతున్నాయి. తువ్వాలు కింద వేళ్లు మాత్రం ఏదో తోట ధర తేలుస్తున్నాయి. జేబులో ఫోన్లు పెట్టుకుని ఇంకా ఇలా బేరమాడేవాళ్లున్నారా అని నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే ఏడుపొచ్చింది. నూజివీడు బస్సు వచ్చింది, నేను ఎక్కలేదు, అది వెళ్లిపోయింది.

మా బాబాయి పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఆయన మా నాన్నకి తమ్ముడు. నూజివీడులో మామిడి వ్యాపారం. సొంత తోటలు లేవు. రెడ్డిగూడెం, జి. కొండూరు వైపు రైతుల దగ్గర కాపుని చెట్టు మీదే కొని, కోయించి, లారీలకెత్తేవాడు. బేరమంతా తువ్వాలు కిందే. అవతలివాడి వేలు ఒకటి పట్టుకుంటే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే ఐదు. అవతలివాడి వేళ్లు మడిచి గుప్పిట మూసేస్తే బేరం లేదని. పక్కన పదిమంది నిలబడి చూస్తున్నా ఎవరికీ ఏమీ తెలియదు. తువ్వాలు కింద అనుకున్నది కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పకూడదని వాళ్ల కట్టుబాటు. బాబాయి దాన్ని ఎంత నిష్ఠగా పాటించాడంటే, "నేను కాపురం చేసింది మనిషితో కాదే, తువ్వాలుతో" అనేది మా పిన్ని.

ఆయన దేన్నీ మెచ్చుకోగా నేను వినలేదు. చాలా బాగుంటే "ఫర్లేదు" అనేవాడు. ఏది కొనాలన్నా ముందు దాని లోపం అడిగేవాడు. తోటలోకి అడుగుపెట్టగానే రైతుతో, "మంచి నేను చూసుకుంటానండి, చెడు మీరు చెప్పండి" అనేవాడు. ఆ అలవాటు వ్యాపారం దాటి ఒంటికి పట్టేసింది. హోటల్లో కూర్చుంటే సర్వర్ని "ఇవాళ ఏది బాలేదో చెప్పవయ్యా" అని అడిగేవాడు. పిన్నికి చీర కొనడానికి వెళ్తే షాపువాణ్ణి ఇందులో లోపమేంటని అడిగి అరగంట వాయించేవాడు. నాకు సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చిందని స్వీటు డబ్బా పట్టుకెళ్తే, స్వీటు నోట్లో పెట్టుకుని "ఆ స్కూల్లో చెడేంటి?" అన్నాడు. హెడ్మాస్టరని చెప్పాను. "ఫర్లేదు, ఒక్కటేగా" అన్నాడు.

రెండో విద్య లేచి వెళ్లిపోవడం. రైతు ధర దగ్గర బిగిస్తే బాబాయి వాదించేవాడు కాదు. లేచేవాడు. తువ్వాలు ఒకసారి దులిపి భుజాన వేసుకునేవాడు. తర్వాత చెప్పులు వేసుకునేవాడు. ఆ చెప్పులు వేసుకోవడానికి ఆయన తీసుకునే సమయంలో పెళ్లికూతురు ముస్తాబైపోతుంది. రెండో చెప్పులో కాలు దూరేలోపు వెనక నుంచి "ఇదిగో, ఆగవయ్యా" అని పిలుపు వచ్చేది. పిలుపు రాకపోవడం ఆయన ఎరగడు.

మూడోది ఆగడం. కాపు కొనడానికి మూడు అదనులుంటాయి. పూత మీద కొనొచ్చు, పిందె మీద కొనొచ్చు, కాయ మీద కొనొచ్చు. పూత మీద కొన్నవాడికి చవగ్గా వస్తుంది, కానీ ఒక్క మంచు పట్టిందంటే నెత్తిన గుడ్డే. బాబాయి ఎప్పుడూ కాయ మీదే కొనేవాడు. పూచినవన్నీ కాయలు కావనేది లోకంలో సామెత, ఆయనకి మాత్రం బతుకుతెరువు. ఆగితే అన్నీ తేలతాయి అనేవాడు. ఆయన ఆగి నష్టపోయిన సీజను ఒక్కటీ లేదు, కాబట్టి ఆయన్ని తప్పుపట్టడానికి మా దగ్గరేమీ ఉండేది కాదు.

అలాంటి మనిషికి కడుపునొప్పి మొదలైంది. తిన్నది నిలవదు, విరేచనాలు, మధ్యమధ్య జ్వరం. సీజన్లో బయటి తిండి తింటే అంతేనన్నాడు. ఊళ్లో డాక్టరు గ్యాసన్నాడు. ఇంకో డాక్టరు పేగుల్లో టీబీ అని నెలల తరబడి మాత్రలు మింగించాడు. ఆ మాటకే పిన్ని బెదిరిపోయి ఆయన కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. బాబాయి ఆ గ్లాసుతో మంచినీళ్లు తాగడం మానేసి చెంబెత్తి తాగేవాడు. మాత్రలన్నీ అయిపోయాయి, నొప్పి అలాగే ఉంది. లుంగీ నడుముకి ఇంకో చుట్టు ఎక్కువ తిరుగుతోంది. చివరికి బెజవాడ తీసుకెళ్తే, కెమెరా వేసి చూసి, ముక్క తీసి పరీక్ష చేయించి, క్రోన్స్ డిసీజ్ అన్నారు.

రిపోర్టు చూపించే రోజు నన్ను వెంటపెట్టుకెళ్లారు. ఇంగ్లీషు అర్థమవుతుందని. పిన్ని బయట హాల్లో కూర్చుంది.

డాక్టరు నా వయసువాడే, మర్యాదస్తుడు. కాగితం మీద పేగు బొమ్మ గీసి, అది ఎక్కడ పుండు పడిందో, ఎక్కడ ఇరుకైందో చూపించాడు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తి తిరగబడి సొంత పేగునే కొడుతోందని, ఎందుకో ఇంతవరకూ ఎవరికీ సరిగ్గా తెలియదని, పూర్తిగా పోయే జబ్బు కాదుగానీ మందులతో అణిచిపెట్టి ఉంచొచ్చని చెప్పాడు. ఏ మందులున్నాయో చెప్పబోతుంటే బాబాయి చెయ్యెత్తాడు.

"మంచి నేను చూసుకుంటానండి డాక్టరుగారూ. చెడు చెప్పండి."

డాక్టరు ముచ్చటపడ్డాడు. ఇలా అడిగే పేషెంట్లు ఉండరన్నాడు. అని, వరసగా చెప్పాడు. స్టెరాయిడ్ వాడితే తొందరగా నెమ్మదిస్తుంది, కానీ మొహం ఉబ్బుతుంది, షుగరు రావచ్చు, ఎముకలు గుల్లబారతాయి, ఎక్కువకాలం వాడకూడదు, హఠాత్తుగా ఆపనూకూడదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలున్నాయి, అవి పనిచేయడానికి నెలలు పడుతుంది, రక్తకణాలు పడిపోవచ్చు, కాలేయం మీద దెబ్బ పడొచ్చు, ఎప్పుడో అరుదుగా క్యాన్సరు కూడా రావచ్చు, తరచూ రక్తపరీక్షలు చేయించుకోవాలి. బయోలాజిక్ ఇంజెక్షన్లున్నాయి, అన్నిటికంటే బాగా పనిచేయొచ్చు, ఖరీదు ఎక్కువ, ఒంట్లో ఎక్కడైనా పాత టీబీ దాక్కుని ఉంటే అది లేస్తుంది. ఆపరేషన్ చేసి ఇరుకైన ముక్క తీసేయొచ్చు, కానీ మిగిలిన పేగులో మళ్లీ రావచ్చు. తన అభిప్రాయమైతే, ఆలస్యం చేయకుండా స్టెరాయిడ్‌తో అణిచి, వెంటనే ఇంజెక్షన్ గానీ మాత్రలు గానీ మొదలుపెట్టడం మంచిదన్నాడు.

బాబాయి అంతా శ్రద్ధగా విన్నాడు. విని లేచాడు. తువ్వాలు దులిపాడు. తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. నెమ్మదిగా నడుచుకుంటూ గది బయటికి వెళ్లి, గుమ్మం పక్కన విడిచిన చెప్పుల దగ్గర నిలబడ్డాడు. ఒక చెప్పు వేసుకున్నాడు. రెండోది కాలితో అటూ ఇటూ జరుపుతున్నాడు. లోపల బెల్లు మోగింది. ఇంకో పేషెంటు మమ్మల్ని తప్పుకుని లోపలికి వెళ్లాడు, తలుపు మూసుకుంది.

ఒక కాలికి చెప్పుతో బాబాయి తలుపు వంక చూస్తూ ఉండిపోయాడు. "పిలవలేదేంటి అమ్మాయ్?" అన్నాడు.

ఆయన తోట అమ్మడం లేదు బాబాయ్ అని అక్కడే కసిరాను. నా గొంతు పెద్దదైందేమో, హాల్లో జనం తిరిగి చూశారు. బాబాయికి కోపం రాలేదు. బస్సులో నాకు పాఠం చెప్పాడు. అన్ని లోపాలు ఒప్పుకున్నవాడు ఇంకా దిగుతాడట. తొందరపడకూడదట. కొత్త మందేదో వస్తుందట, లేకపోతే ఇదే తగ్గుముఖం పడుతుందట. పక్క సీట్లో పిన్ని తలూపింది. ఆవిడకి ఇంజెక్షనంటే భయం, ఆపరేషనంటే ఇంకా భయం, ఆగుదామన్న మాట మాత్రం కమ్మగా వినిపించింది. రైతు దగ్గర ఆగితే ధర దిగుతుంది. రోగం దగ్గర ఆగితే ధర పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క ఆయన బుర్రకి ఎక్కించలేక నేను విసిగిపోయాను.

ఆగిన ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన ప్రతివాడూ ఓ వైద్యుడే. ఒకాయన దానిమ్మ తొక్కు కషాయమన్నాడు. ఒకావిడ నలభై రోజులు మజ్జిగ మీద ఉండమంది. మా మేనత్త, చర్చికి వెళ్లే పక్కింటి టీచరుగారితో ప్రార్థన చేయించి, సాయంత్రం శివాలయంలో అభిషేకం కూడా చేయించింది, ఏ పుట్టలో ఏ పాముందోనని. బాబాయి అందరినీ చెడు అడిగాడు. అందరూ మా దాంట్లో చెడేమీ లేదండీ అన్నారు. "చెడు లేదన్నాడంటే సరుకే లేదు" అని నాతో అని, వాళ్లవేవీ వాడలేదు. ఆ తెలివి అంతా ఉండి కూడా అసలు మందు దగ్గర అలా ఎందుకు చేశాడన్నదే నాకు ఇప్పటికీ మంట.

ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిపించాడు. అరుగు మీద ఖాళీ ట్రేల మధ్య కూర్చుని ఉన్నాడు. మందుల గురించిన కాగితాలు చదివి చెప్పమన్నాడు. ఒక్కొక్క దుష్ఫలితం నేను తెలుగులో చెబుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. వాంతులు, జుట్టు రాలడం, ఇన్‌ఫెక్షన్లు, "అరుదుగా", "చాలా అరుదుగా". ఆ అరుదు అంటే ఎంత అని అడిగాడు. నాకు తెలియదన్నాను. అప్పుడు ఆయన భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు.

మా ఇంట్లో ఆడవాళ్ల చెయ్యి ఆ తువ్వాలు కిందికి వెళ్లడం అదే మొదలు. ఆయన చెయ్యి ఎముకలు తగులుతూ, వేడిగా ఉంది. అరచెయ్యి తెరిచి నా ముందు పెట్టి, పైకి మాత్రం "ఈసారి రసాలు బాగా దిగేలా ఉన్నాయి అమ్మాయ్" అన్నాడు. కింద అడుగుతున్నది వేరే. నేను చేతకాక ఆయన వేళ్ల మీద ఊరికే చెయ్యి వేసి ఉంచాను. ఆయన తువ్వాలు తీసేసి, "నువ్వు వ్యాపారానికి పనికిరావు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

సీజను దగ్గరపడేసరికి నిలబడే ఓపిక కూడా లేకపోయింది. అప్పుడు తనే స్టెరాయిడ్ ఒప్పుకున్నాడు. డాక్టరు మంచిదేనని, ఎలా తగ్గించుకుంటూ రావాలో చెప్పి, ఈలోగా రెండో మందు మొదలుపెట్టాలని గట్టిగా చెప్పాడు. బాబాయి మొదటి సగమే విన్నాడు. అది సీజను మందు అనుకున్నాడు.

ఏమాటకామాటే చెప్పాలి, ఆ మందు మా ఇంటికి పండగ తెచ్చింది. నొప్పి పోయింది. ఆకలి వచ్చింది. బాబాయి పిన్నిని పిలిచి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మొహం గుండ్రంగా ఉబ్బితే, మార్కెట్లో అందరూ ఒళ్లు చేశాడని, రంగు తేలాడని మెచ్చుకున్నారు. ఆ ఉబ్బు లోపమని తెలిసిన ఇద్దరం, నేనూ ఆయనా, ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

ఆ వేసవిలో ఒకరోజు పొద్దున నన్ను రెడ్డిగూడెంలో కోతకి తీసుకెళ్లాడు. మనుషులు చిక్కాలతో కాయ దించుతుంటే ఇటూ అటూ తిరుగుతూ కేకలేస్తున్నాడు. చెట్టున మాగిన చిన్న రసం ఒకటి ఏరి, నా ముందే నలిపి, తొడిమ దగ్గర కొరికి, కళ్లు మూసుకుని పీల్చాడు. ఇరుకైన పేగులో పీచు అడ్డం పడుతుంది, ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన పండు అది. నేను ఆయన చేతిలోంచి లాక్కోలేదు. టెంక తెల్లబడేదాకా చీకి, "బాగుంది" అన్నాడు. ఫర్లేదు కాదు, బాగుంది. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి.

చేతులు కడుక్కొచ్చి నా పక్కన కూర్చుని తువ్వాలు కప్పాడు. ఈసారి తెరిచిన అరచెయ్యి ఏమడుగుతోందో నాకు తెలిసింది. ఇంకెన్ని సీజన్లు? నేను ఆయన చెయ్యంతా పట్టుకున్నాను, ఐదు వేళ్లూ. ఆయన నవ్వుతూ చెయ్యి విడిపించుకుని, రెండు వేళ్లు మడిచి మిగతా మూడూ నా చేతిలో పెట్టాడు. ఎదుటివాడు ఇస్తానన్నదాంట్లో కోత పెట్టుకుని ఖాయం చేసుకున్నాడు. మూడైతే దక్కుతాయని ఆ క్షణాన ఇద్దరం నమ్మాం.

ఆఖరి లారీ వెళ్లిన మర్నాడు మాత్రలు ఆపేశాడు. నెమ్మదిగా తగ్గించలేదు, ఒక్కసారే. కోత అయిపోయాక తోటకి కాపలా ఎందుకే అన్నాడట పిన్నితో. ఆవిడ కూడా నిజమే కదా అనుకుంది. నాకు తెలిసేసరికి జ్వరంతో, వాంతులతో లేవలేని స్థితిలో ఉన్నాడు.

డాక్టరు మొదటిసారి కోప్పడ్డాడు. మళ్లీ స్టెరాయిడ్ పెట్టి, రోగనిరోధక శక్తిని తగ్గించే ఆ మాత్రలు కూడా మొదలుపెట్టాడు. కొన్ని వారాలకి రక్తకణాలు పడిపోయాయని అవి ఆపాల్సొచ్చింది. ఇక ఇంజెక్షనే అన్నాడు. దానికి ముందు చేసిన పరీక్షల్లో ఊపిరితిత్తిలో పాత టీబీ జాడ కనిపించింది. ఊళ్లో మింగిన మాత్రలు సరిపోయాయో లేదో తెలియదు, ముందు దానికి మళ్లీ మాత్రలు వాడాక గానీ ఇంజెక్షన్ ఇవ్వకూడదన్నాడు. ఆ పేరు మళ్లీ వినగానే పిన్ని హాస్పిటల్ మెట్ల మీద కూలబడిపోయింది. ఏ తలుపు తట్టినా దాని వెనక ఇంకో తలుపు ఉంది. మొదట్లోనే వచ్చి ఉంటే ఇవన్నీ వరసగా దాటడానికి ఒంట్లో శక్తి ఉండేది. అప్పటికి అది లేదు.

మామిళ్లు పూతకొచ్చేసరికి ఆయనకి గుక్కెడు జావ కూడా దిగడం లేదు. బెజవాడ తీసుకెళ్తుంటే కారు కిటికీలోంచి బయటికి చూడలేదు. దారిపొడవునా పూత వాసన వస్తోంది. అద్దం వెయ్యమన్నాడు. ఆ కార్లోనే నాతో ఒక మాట అన్నాడు.

"అమ్మాయ్, డాక్టరుగార్ని ఏదైనా సరే ఇచ్చెయ్యమను. చెడు మాత్రం చెప్పొద్దను."

నేను ఆ మాట డాక్టరుకి చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. జన్మంతా లోపం తెలుసుకోకుండా చింతకాయ కొనని మనిషి కళ్లు మూసుకుని కొనడానికి సిద్ధపడి వచ్చిన రోజున, ఆయనకివ్వడానికి వాళ్ల దగ్గర మందులేవీ మిగల్లేదు. పేగు మూసుకుపోయింది, ఆపరేషన్ తప్పదన్నారు.

ఆపరేషన్ చేశారు. కుట్టిన చోట పేగు అతకలేదు, కడుపంతా చీము పట్టింది. ఇన్నాళ్లు తిండిలేని ఒళ్లు, పైగా స్టెరాయిడ్ తిన్న ఒళ్లు, గాయం మానదని సర్జను చెప్పాడు. మళ్లీ తెరిచి ప్రయత్నించొచ్చు, తట్టుకుంటాడని మాటివ్వలేను, మీరే ఆలోచించుకోండి అన్నాడు. ఆయన పోయాక ఒకరోజు, మొదట్లోనే ఇంజెక్షన్ తీసుకుని ఉంటే బతికేవాడా అని మా డాక్టర్ని అడిగాను. చెప్పలేనండీ అన్నాడు. బతికేవాడని అని ఉంటే తిట్టుకుంటూ ఉండేదాన్ని, బతికేవాడు కాదని అని ఉంటే ఊరుకునేదాన్ని. ఆ రెండిటికీ కాకుండా చేశాడు.

సర్జను ఆ మాట చెప్పిన మర్నాడు పదకొండింటికి లోపలికి ఒక్కరినే పంపారు. పిన్ని నన్నే వెళ్లమంది. ముక్కులో గొట్టం, చేతికి సూదులు. మొహం ఉబ్బంతా తీసి, నా చిన్నప్పటి ఫొటోలో ఉన్న మా తాతయ్య మొహంలా ఉంది. మాట రావడం లేదు. నన్ను చూసి, సూది లేని చేతిని దుప్పటి కింద కదిలించాడు. తువ్వాలు ఇమ్మంటున్నాడేమో అనుకుని చుట్టూ చూశాను, దాన్ని లోపలికి రానివ్వలేదు, బయట పిన్ని ఒళ్లో ఉంది. కాదని తల ఆడించి, కళ్లతో దుప్పటి చూపించాడు. నేను నా చెయ్యి దాని కిందికి పోనిచ్చాను.

అరచెయ్యి తెరిచి ఉంది. సర్జను చెప్పింది నాకెంత తెలుసో ఆయనకీ అంత తెలుసని ఆ కళ్లు చూస్తే తెలిసిపోయింది. అయినా అడుగుతున్నాడు. పైకి ఏదో ఒకటి మాట్లాడాలి కదా, అది పద్ధతి కదా, "ఈ ఏడు పూత బాగా పట్టింది బాబాయ్" అన్నాను. కింద ఆయన వేళ్లన్నీ తడిమి, ఒక్కటి పట్టుకున్నాను. చూపుడువేలు. ఈ ఒక్క సీజను. ఈ పూత కాయయ్యేదాకా.

ఆయన కాసేపు ఆ వేలు నా చేతిలోనే ఉండనిచ్చాడు. నర్సు వచ్చి టైమైందని చెప్పింది. అప్పుడు నెమ్మదిగా తన వేలు విడిపించుకుని, నా వేళ్లు ఒక్కొక్కటిగా మడిచి, గుప్పిట మూసి, దాని మీద తన చెయ్యి వేసి నొక్కాడు.

బయటికి వచ్చాను. పిన్ని లేచి ఎదురొచ్చింది. ఆపరేషన్ మళ్లీ చేయించుకోనన్నాడని సర్జనుకి చెప్పాలి, అది తర్వాత. ముందు ఈవిడకి చెప్పాలి.

"ఏమన్నారే?" అంది.

తువ్వాలు కింద మాట పెళ్లానికి చెప్పకూడదు.

"నిన్ను కాసేపు నడుం వాల్చమన్నాడు పిన్నీ. రాత్రంతా నిద్రలేదట కదా, అన్నాడు."

మొగుడు తన నిద్ర గురించి అడగడం ఆ కాపురంలో అదే మొదటిసారేమో. పిన్ని మొహం విప్పారింది. ఇంకేమీ అడక్కుండా, ఆ తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని, బెంచీ మీద అటు తిరిగి పడుకుంది.